మైళ్లు మనవి, హిసాబు వాళ్లది

మా దుల్హేభాయ్ రియాద్‌లో ఏసీ మెకానిక్. పదహారేళ్లుగా అక్కడే. ఛుట్టీ దొరికినప్పుడల్లా ఒకే కంపెనీ విమానంలో శంషాబాద్ వచ్చి వెళ్తారు. ఇంకో విమానంలో రెండు మూడు వేలు సస్తా అని ట్రావెల్స్‌వాడు చెప్పినా వినలేదు. "పాయింట్లు జమ అవుతున్నాయి, అమ్మీని ఉమ్రాకు పంపాలి" అనేవారు.

పోయిన రంజాన్‌కు ముందు ఆపా అకౌంట్ తెరిచి చూసింది. పాయింట్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. జెద్దా టికెట్‌కు అడిగే పాయింట్లే పెరిగిపోయాయి. ఖబర్ లేదు, ఖత్ లేదు. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో తమీజ్‌గా "షరతులు ఎప్పుడైనా మార్చే హక్కు కంపెనీకి ఉంది సార్" అంది. ఆ పిల్లను ఏమనగలం? ముందున్న కాగితం చదివింది, అంతే.

ఇది ఒక్క కంపెనీ బేఇమానీ అయితే ఇంటి మాటగా ఊరుకునేవాణ్ని. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకం మొదలుపెట్టినప్పుడు హిసాబు సీదాగా ఉండేది. ఎంత దూరం సఫర్ చేస్తే అన్ని మైళ్లు. 2015లో డెల్టా, యునైటెడ్, మరుసటి ఏడాది అమెరికన్ ఆ లెక్క తిరగేశాయి. ఎంత దూరం వెళ్లావని కాదు, ఎంత పైసా పెట్టావని అడగడం మొదలైంది. 2024లో మన ఎయిర్ ఇండియా కూడా అదే దారి పట్టింది. దీని మత్లబ్ ఏమిటి? ఇల్లూ పిల్లలూ వదిలి ఏళ్ల తరబడి అదే సముద్రం దాటుతున్న మజ్దూర్, చౌక టికెట్ కొన్నాడు కాబట్టి, వాళ్ల లెక్కలో తక్కువ వఫాదార్. ఆఫీసు ఖర్చుతో ఒక్కసారి ముందు సీట్లో కూర్చున్న సాబ్ ఎక్కువ వఫాదార్. వాహ్!

"ముఫ్త్‌గా వచ్చేదానికి షికాయత్ ఎందుకు భాయ్?" అన్నాడు ఒక దోస్త్. ముఫ్త్ ఎక్కడ? ప్రతిసారీ ఆ రెండు మూడు వేలు ఎవరి జేబులోంచి పోయాయి? పైగా ఈ పాయింట్లను కంపెనీలు క్రెడిట్ కార్డు బ్యాంకులకు అమ్ముకుంటాయి. 2020లో కరోనా దెబ్బకు విమానాలు నేల మీద నిలబడిపోయినప్పుడు డెల్టా తన స్కైమైల్స్ పథకాన్నే జమానత్‌గా పెట్టి 900 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. అప్పిచ్చేవాడి ముందు అది జాయ్‌దాద్. మన ముందుకొచ్చేసరికి మెహర్బానీ!

అదాలత్‌కు పోదామా? అమెరికాలో ఒక యూదు మతగురువు పోయి చూశాడు. ఊరికే ఫిర్యాదులు చేస్తున్నాడని నార్త్‌వెస్ట్ ఆయన సభ్యత్వమే ఖతం చేసింది. ఒప్పందాన్ని నేక్ నియ్యత్‌తో అమలు చేయాలి కదా అన్నది ఆయన దావా. విమానయాన చట్టం ముందు అది నిలవదని 2014లో అక్కడి సుప్రీంకోర్టు జడ్జీలంతా ఒక్కమాటగా చెప్పారు.

అయితే గొంతెత్తితే ఫాయిదా లేకపోలేదు. 2023 సెప్టెంబరులో డెల్టా షరతులు బిగించినప్పుడు ముసాఫిర్లు అంత గోల చేశారు కాబట్టే, మరీ దూరం వెళ్లామని దాని పెద్ద ఎడ్ బాస్టియన్ ఒప్పుకున్నారు. అక్టోబరులో కొన్నిటిని సడలించారు. అన్నీ కాదు.

మనం అడిగేది ఖైరాత్ కాదు. కొత్త షరతులు కొత్త పాయింట్లకే పెట్టుకోండి. పాత కమాయికి పాత రేటే ఇవ్వండి. మార్చేముందు ఏడాది గడువివ్వండి, అదీ తెలుగులోనో ఉర్దూలోనో చెప్పండి. విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం మనిషే, ఆయనకు తెలుగులోనే ఖత్ రాయొచ్చు. నేను రాశాను. మీ ఇంట్లోనూ గల్ఫ్ పాయింట్లు ఇలాగే కరిగిపోయి ఉంటే మీరూ రాయండి.

అమ్మీ టికెట్ దుల్హేభాయ్ చివరికి నగదు పెట్టే కొన్నారు, వేరే కంపెనీలో. ఫారంలో మెంబర్‌షిప్ నంబర్ అడిగిన చోట ఖాళీగా వదిలేశారు.