నాటు ట్రాలీకి ఒక నియమం

నాడునకు చెందినది నాటు. అంటే మన ప్రాంతంలో మన చేతులమీదుగా పుట్టినది అని అర్థం. అంత చక్కని మాటను మనం ఈసడింపుగా మార్చుకొన్నాం. నాటువైద్యమన్నా నాటుబండి అన్నా చులకనే. కాని గోదావరి పొంగిననాడు అందరూ మొదట వెదకేది నాటుపడవనే. దాని సరసన నిలుపదగినది మరొకటి ఉన్నది: వరదకాలంలో మోటారు సైకిళ్ళను తరలించడానికి మన పల్లెవారు సొంతంగా అమర్చుకొనే ట్రాక్టరు ట్రాలీ. దానిని వెక్కిరించనూ వద్దు, దాని ఖర్మానికి దానిని వదిలివేయనూ వద్దు అన్నదే ఈ వ్యాసంలో నా మనవి.

భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూశాం. ఆ జూలైలో వారధిపై రాకపోకలే ఆపివేశారు. బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల మండలాల పల్లెలలో మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. సంతకూ, ఆసుపత్రికీ, తునికాకు కల్లానికీ అదే దిక్కు. మనుషులు పునరావాస కేంద్రానికి వెళ్ళగలరు. బండి మాత్రం ఇంటివద్ద మునిగిపోతుంది. ఇంజనులో ఒండ్రు చేరిన తరువాత కూడా వాయిదాలు కట్టక తప్పదు. అందుకే నాలుగైదు ఇళ్ళవారు కలిసి ఒక ట్రాలీలో బండ్లన్నీ ఎక్కిస్తారు. ఆ ఆలోచనలో తప్పులేదు. తప్పంతా తొందరలో ఉన్నది.

సాధారణంగా జరిగేది ఇది. బండ్లను పక్క స్టాండుమీద నిలిపి, అన్నిటినీ కలిపి ఒకే తాడు చుట్టి, పడిపోకుండా పట్టుకొమ్మని పిల్లలను మధ్యలో నిలబెడతారు. గతుకు వచ్చినప్పుడు బండి స్ప్రింగులు అణగుతాయి, తాడు వదులవుతుంది. నూరు కిలోలకు పైబడిన ఇనుము పక్కనున్న బండిమీదనో, దానిని పట్టుకొన్న పిల్లవానిమీదనో ఒరుగుతుంది. బండిని కాపాడబోయి బిడ్డను పోగొట్టుకొనే పని ఇది.

సరియైన పద్ధతి కష్టమైనది కాదు. ట్రాలీ మూడడుగుల ఎత్తుంటే ఎక్కించే పలక తొమ్మిదడుగులకు తగ్గరాదు. పొట్టి పలకమీద బండి అడుగుభాగం అంచుకు తగులుకొంటుంది. పలక పైకొన జారకుండా ట్రాలీకి కొక్కెంతో తగిలించాలి. ముందుచక్రం కదలకుండా ఇమిడేటట్లు ట్రాలీ ముందుగోడకు రెండు కమ్మీలు అతికించాలి. స్టాండు తీసి బండిని నిటారుగా నిలిపి, ముందు ఫోర్కు పైభాగం నుండి రెండు తాళ్ళను చెరొక పక్కకు, ముందుకూ కిందికీ లాగి, స్ప్రింగు సగం అణిగేవరకు బిగించాలి. వెనుకచక్రం పక్కలకు గెంతకుండా మరి రెండు తాళ్ళు. పెట్రోలు కుళాయి ఉన్న బండ్లకు దానిని కట్టివేయాలి. నారమోకు తడిస్తే బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. నైలాను తాడు తడిస్తే సాగుతుంది. కనుక కొంతదూరం పోగానే ఆగి, ముడులన్నీ మరల చూసుకోవాలి.

బరువు ఎక్కడ నిలపాలో మన తాతలకు తెలుసు. ఎడ్లబండికి వెనుక బరువెక్కితే నొగలు పైకి లేస్తాయి, ముందు బరువెక్కితే ఎడ్ల మెడలు కుంగుతాయి. రెండు చక్రాల ట్రాలీకీ అదే సూత్రం. బరువు ఇరుసుకు కాస్త ముందుగా నిలిచి, సుమారు పదోవంతు ట్రాక్టరు కొక్కెంమీద పడాలి. వెనుక బరువైతే ట్రాలీ ఊగుతుంది. ముందు మరీ బరువైతే ట్రాక్టరు ముందుచక్రాలు తేలి, స్టీరింగు మాట వినదు. కాడి పోయి కొక్కెం వచ్చినా లెక్క మారలేదు.

అయితే అన్నీ నాటుగా కుదరవు. ఇరుసు, కొక్కెం, దానిలోని పిన్ను, అది విరిగినా ట్రాలీని వదలని గొలుసు, వెనుక దీపాలు, ఈ ఐదింటిలో సర్దుబాటు పనికిరాదు. విరిగిన పిన్ను స్థానంలో మిగిలిన ఇనుపకడ్డీ దూర్చడం నేర్పు కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రాలీకి కూడా రిజిస్ట్రేషన్ కోరుతుంది. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం దాటిన కొద్దిదూరానికే రాష్ట్రపు సరిహద్దు వస్తున్నది. కాగితం లేని ట్రాలీని అక్కడ ఆపితే తప్పు పట్టలేం, వరదనాడు ఆగితే భరించనూ లేం.

కనుక ముంపు పంచాయతీ ఒక్కొక్కటి కాగితాలు గల ఒక ట్రాలీని ఎంచుకొని, జూన్ రాకముందే కమ్మీలు, పలక, తాళ్ళు సిద్ధం చేసుకోవాలి. భద్రాచలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పూనుకొని మన వెల్డింగు కుర్రవాళ్ళకు రెండురోజుల శిక్షణ ఇప్పిస్తే చాలు. కొత్త యంత్రాలు కొననక్కరలేదు. రెండవ హెచ్చరికకే బండ్లు కదలాలి. రోడ్డుమీద నీరు పారడం మొదలయ్యాక ఎంత పెద్ద ట్రాక్టరునూ దింపరాదు. అన్నిటికంటే ముందు, బండ్లున్న ట్రాలీలో మనిషి ఉండరాదు. తాడు చేయవలసిన పనిని పిల్లవాని చేతికి అప్పగించే ఊరికి ఏ హెచ్చరికా ఉపకరించదు.