చందా కార్మికుడిది, కుర్చీ ఎవరిది?

జీతంలోంచి ఈఎస్‌ఐ పేరుతో నూటికి ముప్పావు రూపాయి కోత పడుతుంది. యజమాని మూడుంబావు కలుపుతాడు. ఆ చందాల మీద నిలిచిన వ్యవస్థలో విజయవాడ గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి ఒక భాగం. ఫిబ్రవరిలో అక్కడి మేరీమాత కొండకు వచ్చే జనం గురించి రాష్ట్రమంతటికీ తెలుసు. ఈ ఆసుపత్రి ఓపీ దగ్గర నిలబడే కార్మికులు, సెక్యూరిటీ గార్డులు, దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు మాత్రం వార్తల్లోకి రారు. చందా వాళ్లదే అయినా, ఆసుపత్రి ఎలా నడవాలన్న మాట వాళ్లది కాదు. ఈ లోటు ఎంత పెద్దదో వేల్స్‌కు చెందిన ఒక గని కార్మికుడి జీవితం చూస్తే తెలుస్తుంది.

అనైరిన్ బెవాన్ 1897 నవంబరు 15న దక్షిణ వేల్స్‌లోని ట్రెడెగార్‌లో పుట్టారు. తండ్రి డేవిడ్ బొగ్గు గని కార్మికుడు. పిల్లవాడికి నత్తి. పదమూడేళ్లకే బడి మానిపించి గనిలోకి పంపారు. పని దిగాక కార్మికుల గ్రంథాలయమే ఆయనకు బడి అయింది. నోరు తిరగని మాట అడ్డం వస్తే అదే అర్థమిచ్చే మరో మాట పట్టుకునేవారు. అలా వెతుకుతూ పోగేసుకున్న మాటలతోనే తర్వాత యుద్ధకాలపు పార్లమెంటులో చర్చిల్‌ను నిలదీశారు. గని కార్మికుల సమాఖ్య ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1919లో లండన్‌లో చదువుకు వెళ్లి, రెండేళ్లకు తిరిగొస్తే ఊళ్లో కంపెనీ ఆయనకు పని ఇవ్వలేదు.

1925లో తండ్రి కొడుకు చేతుల్లోనే కన్నుమూశారు. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. నష్టపరిహారం పైసా రాలేదు. పరిహారం ఇవ్వాల్సిన రోగాల జాబితాలో ఆ జబ్బు పేరు అప్పటికి లేదు మరి. గనే మనిషిని మింగిందని ఇంటికి తెలుసు, వీధికి తెలుసు, చట్టానికి మాత్రం తెలియదు. ఆరోగ్య మంత్రిగా బెవాన్ చూపిన మొండితనం ఎక్కడిదని అడిగేవాళ్లు ఈ చావు దగ్గర కాసేపు ఆగాలి.

అదే ఊళ్లో ఇంకోటి కూడా ఉండేది. ట్రెడెగార్ కార్మికులు 1890 నుంచే మెడికల్ ఎయిడ్ సొసైటీ నడుపుకున్నారు. కూలిలోంచి పౌండుకు కొన్ని పెన్నీల చొప్పున చందా తీసేవాళ్లు. ఆ డబ్బుతో డాక్టరు, నర్సు, పంటి వైద్యం, కళ్లద్దాలు అన్నీ అందేవి. డాక్టర్లను పెట్టుకునేది, వాళ్లను లెక్క అడిగేది కార్మికుల కమిటీయే. తర్వాత నవలా రచయితగా పేరు తెచ్చుకున్న ఎ.జె. క్రోనిన్ 1920ల మొదట్లో అక్కడ వైద్యుడిగా పనిచేశారు. బెవాన్ ఊరి ఆసుపత్రి కమిటీలో కూర్చున్నారు. ఆసుపత్రి నిర్వహణ ఆయనకు ఏ అధికారీ నేర్పింది కాదు.

1929లో ఎబ్బూ వేల్ నుంచి పార్లమెంటుకు గెలిచారు. 1945లో అట్లీ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అయ్యారు. ఆయన తలపెట్టిన జాతీయ ఆరోగ్య సేవ వద్దని 1948 ఫిబ్రవరిలో బ్రిటిష్ వైద్య సంఘం ఓటింగులో పదిమందికి తొమ్మిదిమంది డాక్టర్లు తేల్చిచెప్పారు. ఆయన జంకలేదు. పెద్ద స్పెషలిస్టులకు ప్రైవేటు ప్రాక్టీసు ఉంచి ఒప్పించారు, మిగతావాళ్లతో బేరం తెగేదాకా మాట్లాడారు. జులై 5న సేవ మొదలైంది. మూడేళ్లు తిరక్కుండానే సొంత ప్రభుత్వం కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు రోగి దగ్గర సొమ్ము వసూలు చేస్తామంటే పదవి వదిలేశారు.

మన ఈఎస్‌ఐ చట్టం కూడా 1948దే. ఏప్రిల్లో వచ్చింది, బ్రిటిష్ సేవ కన్నా దాదాపు రెండున్నర నెలల ముందు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో అమలు మొదలైంది. చందా పద్ధతి చూస్తే ఇది ట్రెడెగార్ సొసైటీకే దగ్గరి చుట్టం. అయితే అక్కడ చందాదారుడికి ఉన్న పెత్తనం ఇక్కడ ఢిల్లీలోని ఈఎస్‌ఐ కార్పొరేషన్‌లో కూర్చునే కొద్దిమంది యూనియన్ ప్రతినిధుల దగ్గరే ఆగిపోయింది. స్థానిక కమిటీలకు 1948 చట్టంలోనే చోటిచ్చారు. వాటి పేరు ఎంతమంది చందాదారులు విన్నారు?

నిజం చెప్పాలంటే బెవాన్ కూడా ఈ విషయంలో తప్పటడుగు వేశారు. వేల ఆసుపత్రులను ప్రభుత్వం కిందికి తెచ్చినప్పుడు వాటిని మంత్రి నియమించిన బోర్డుల చేతిలో పెట్టారు. ఆయన్ను తీర్చిదిద్దిన కార్మిక కమిటీలకు అందులో చోటు దక్కలేదు. వైద్యం అందరికీ అందింది గానీ, ఊళ్లో కార్మికుడి మాటకు ఉన్న బరువు పోయింది. ఆ నష్టం చిన్నది కాదు.

విజయవాడలో ఇంకో చిక్కు ఉంది. పదిమందిలోపు పనిచేసే చోట ఈఎస్‌ఐ మామూలుగా తప్పనిసరి కాదు. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు కలిసి లారీ బాడీలు కట్టే షెడ్లు ఈ లెక్కకు అందవు. ముక్కుకు గుడ్డ చుట్టుకుని రంగు కొట్టే కుర్రాడి ఊపిరితిత్తుల సంగతి ఎవరూ రాసుకోరు. 2020 సామాజిక భద్రత కోడ్ ఇలాంటి చోట్ల యజమాని, కార్మికుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరే వీలిచ్చింది. ప్రమాదకరమని కేంద్రం ప్రకటించిన పనైతే ఒక్క కార్మికుడున్నా చేర్చాల్సిందే అంటోంది. స్ప్రే పెయింటింగ్, వెల్డింగ్ షెడ్లను అందులో చేర్చమని ఇక్కడి ఎంపీలు, కార్మిక సంఘాలు గట్టిగా అడగాలి. దానితో పాటు గుణదల ఆసుపత్రికి చందాదారులే ఎన్నుకున్న కమిటీ కావాలి. మందుల నిల్వ, ఖాళీ పోస్టులు, రిఫరల్‌కు పట్టే రోజులు అన్నీ ఆ కమిటీ ముందుకు నెలనెలా రావాలి.