నాలుగో ఆజ్ఞలో పరదేశికీ చోటుంది



సంపాదకులు గారూ, మీ పత్రిక గత సంచికలో అమెరికా నుంచి ఒక తెలుగు కథోలిక సోదరుడు రాసిన ఉత్తరం చదివాను. తాము వీసా తీసుకుని, వరసలో నిలబడి ఆ దేశం చేరామనీ, కాగితాలు లేకుండా వచ్చినవాళ్లను పంపించేస్తుంటే మేత్రాణులు అడ్డం పడటం తగదనీ, దేశభక్తి ఉన్న విశ్వాసి ప్రభుత్వం పక్షానే నిలవాలనీ ఆయన వాదన. మర్యాదగానే రాశారు. నేనూ మర్యాద తప్పకుండానే చెబుతాను: ఆ వాదన మన విశ్వాసానికి సరిపడదు.

మా విచారణలో ఆదివారం పూజ అయ్యాక ముప్పయ్యేళ్లుగా పిల్లలకు సత్యోపదేశం చెబుతున్నాను. నాలుగో ఆజ్ఞకు వచ్చినప్పుడు ఏటా పిల్లలు ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. తల్లిదండ్రులను గౌరవించమనే ఆ ఆజ్ఞ కిందికే దేశభక్తి కూడా వస్తుంది. రెండో జాన్ పాల్ పోపు గారు 1992లో ప్రకటించిన సత్యోపదేశ గ్రంథం 2239వ పేరా తీసి చూడండి. దేశాన్ని ప్రేమించడం, దేశానికి సేవ చేయడం మన కృతజ్ఞతా ధర్మం నుంచే వస్తాయని అక్కడ ఉంది. పన్ను కట్టడం, ఓటు వేయడం, దేశాన్ని కాపాడుకోవడం 2240వ పేరాలో ఉన్నాయి. ఆ తర్వాతి పేరా ఎవరి గురించి? పరదేశి గురించి. సొంతగడ్డ మీద భద్రతా బతుకుతెరువూ దొరకక వచ్చినవాడిని సంపన్న దేశాలు శక్తి మేరకు ఆదరించాలని చెబుతుంది. ప్రభుత్వం అందుకు షరతులు పెట్టవచ్చనీ, వచ్చినవాడు ఆ దేశపు చట్టాలకు లోబడాలనీ అదే పేరాలో ఉంది.

అంటే దేశాన్ని ప్రేమించమనీ, పరదేశిని ఆదరించమనీ చెప్పేది ఒకే ఆజ్ఞ. మొదటిది పట్టుకుని రెండోది వదిలేసే వీలు మనకు లేదు. అమ్మ పేరు చెప్పి వాకిట్లోకి వచ్చినవాడిని కొడితే అమ్మ గౌరవం పెరగదు. ఊళ్లో ఆ ఇంటి పరువే పోతుంది.

సరిహద్దులు వద్దని శ్రీసభ ఎన్నడూ అనలేదు. 2025 నవంబరులో బాల్టిమోర్‌లో సమావేశమైన అమెరికా మేత్రాణులు విడుదల చేసిన ప్రత్యేక సందేశంలో కూడా సరిహద్దులను క్రమబద్ధం చేసుకునే బాధ్యత దేశానికి ఉందనే రాశారు. వాళ్లు వద్దన్నది విచక్షణ లేకుండా జనాన్ని మూకుమ్మడిగా గెంటేయడాన్ని. ఆ సందేశానికి అనుకూలంగా 216 ఓట్లు, వ్యతిరేకంగా 5 పడ్డాయి. ఏ విషయంలోనూ అంత తేలిగ్గా ఏకం కాని సభ అది. ఆ సమావేశానికి అధ్యక్షత వహించిన తిమోతి బ్రోలియో గారు అమెరికా సైనికుల అగ్రపీఠాధిపతి. సైనికులకు పూజ చేసి, చనిపోయినవాళ్ల కుటుంబాలను ఓదార్చే పీఠం ఆయనది. ఆయనకు దేశభక్తి లేదని ఏ నోటితో అనగలం?

ఇక వరస సంగతి. ఉత్తరం రాసిన సోదరుడి కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. మా అల్లుడు కూడా గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాడే. కానీ ఇంజనీరుకు ఉన్న వరస కూలీకి లేదు. పెద్ద చదువూ నైపుణ్యమూ లేని పనివాళ్లకు ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు చట్టం ప్రకారం ఏడాదికి 10,000 మించకూడదు. ప్రపంచంలోని అన్ని దేశాలకూ, కుటుంబ సభ్యులతో కలిపి, అంతే. గ్వాటెమాలా నుంచి వచ్చి ఇళ్ల కప్పులు వేసేవాడిని వరసలో ఎందుకు రాలేదని అడిగే ముందు, అతనికి వరస ఎక్కడుందో మనం చూపించగలగాలి.

మనవాళ్లు నిలబడ్డ వరస కూడా ఎవరో కొట్లాడి తెచ్చిందే; ఒకప్పుడు అదీ లేదు. ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి స్వాములవారు 1924లో గుణదలలో మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. ఏటా ఫిబ్రవరిలో లక్షల మంది కొండెక్కే తిరునాళ్లకు ఆయనే మూలం. సరిగ్గా అదే ఏడాది అమెరికా చేసిన వలస చట్టం ఇటలీ వాళ్ల సంఖ్యను ఏడాదికి 4,000 లోపుకు కుదించేసింది. ఆసియా వాళ్లకైతే దాదాపు తలుపులే మూసేసింది. ఆర్లాటి స్వాములవారి సొంత ఊరివాళ్లూ, ఆయన దగ్గర జ్ఞానస్నానం పొందిన మన ముత్తాతలూ ఆ దేశం దృష్టిలో ఒకే రకం అక్కరలేనివాళ్లు. ఆ పద్ధతిని మార్చాలని 1963లో కోరినవాడు అమెరికా తొలి కథోలిక అధ్యక్షుడు కెన్నెడీ. ఆయన హత్య తర్వాత, ఆయన తమ్ముడు ఎడ్వర్డ్ సెనేట్‌లో నడిపించిన బిల్లు మీద 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. మన పిల్లలు వెళ్లింది ఆ రోజు తెరుచుకున్న తలుపులోంచే.

దేశభక్తి లేదన్న నింద కూడా మనకు కొత్త కాదు. 1844లో ఫిలడెల్ఫియాలో ఐర్లండ్ వలసదారుల మీద అల్లర్లు జరిగి రెండు కథోలిక గుళ్లు తగలబడ్డాయి. వీళ్ల విధేయత పోపుకే గాని దేశానికి కాదన్నది వాళ్ల మీద మోపిన నేరం. ఆ మాటను ఇవాళ మన నోటితో ఇంకొకరిని అనడం నాకు చాలా బాధగా ఉంది.

నిరుడు ఐదు నెలలు టెక్సస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. వాళ్ల విచారణలో ఆదివారం మధ్యాహ్నం స్పానిష్ పూజ ఉంటుంది. నేను వెళ్లిన కొత్తలో గోడల వెంట కూడా జనం నిలబడేవారు. చంకలో పిల్లలు, చేతిలో జపమాలలు, చూస్తే మన ఫిరంగిపురం తిరునాళ్లలా ఉండేది. రెండు నెలలు తిరిగేసరికి, పట్టుకుంటారన్న భయంతో, సగం బెంచీలు ఖాళీ. పార్కింగ్ దగ్గర ఒక తెలుగాయన "ఇప్పుడు బండి పెట్టుకోవడానికి సులువుగా ఉంది" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. మా మనవడికి జ్వరం వస్తే అర్ధరాత్రి మందులు తెచ్చిచ్చిన మనిషి. అంత మంచివాడి నోటనే ఆ మాట రావడం నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఆదివారం పూజకు వెళ్లడం మనకు ఆజ్ఞ. కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో మేత్రాణులు ఆల్బెర్టో రోహాస్ గారు 2025 జులైలో, అధికారులు పట్టుకుంటారని భయపడేవాళ్లు పూజకు రాకపోయినా తప్పు లేదని మినహాయింపు ఇచ్చారు. అలాంటి మినహాయింపు కరోనా రోజుల్లో చూశాం. అప్పుడు భయం రోగానికి, ఇప్పుడు ప్రభుత్వానికి. చికాగో దగ్గర బ్రాడ్‌వ్యూలో నిర్బంధంలో ఉన్నవారికి దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్లిన గురువులను లోపలికే రానివ్వలేదు. ఉరిశిక్ష పడినవాడికి కూడా దొరికేది అది. ఆ చికాగోలోనే పుట్టిన పద్నాలుగవ లియో పోపు గారు దాని గురించి మాట్లాడితే రాజకీయం అంటున్నారు. సత్ప్రసాదం గురించి పోపు గారు కాక ఎవరు మాట్లాడాలి?

ప్రేమకు ఒక క్రమం ఉందని, ముందు కుటుంబం, తర్వాత ఊరు, తర్వాత దేశం, ఆ తర్వాతే మిగతా ప్రపంచమని 2025 జనవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి.వాన్స్ అన్నారు. ఆయనా కథోలికుడే. నా బిడ్డకు ముందు అన్నం పెడతాను, నిజమే. కానీ ఆ క్రమం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది గాని ఎక్కడ ఆగిపోవాలో చెప్పదు. అప్పటి పోపు ఫ్రాన్సిస్ గారు ఆ ఏడాది ఫిబ్రవరి 10న అమెరికా మేత్రాణులకు లేఖ రాస్తూ మంచి సమరీయుడి కథను గుర్తుచేసింది అందుకే. దారిలో పడి ఉన్నవాడు సమరీయుడికి చుట్టమూ కాదు, సొంత ఊరివాడూ కాదు.

కాగితాలు లేని బతుకు మనవాళ్లకూ తెలుసు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు, యజమాని పెట్టే బాధ పడలేక ఇల్లు విడిచి, కాగితాలు లేకుండా దాక్కుని బతికారు. గల్ఫ్‌లో వాళ్లను మనవాళ్లే ఖల్లివల్లి అంటారు. 2018లో కువైట్ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు వాళ్లలో చాలామంది ఇల్లు చేరారు. వాళ్లను మనం నేరస్థులన్నామా? అక్కున చేర్చుకుని ఏడ్చాం. 2025 ఫిబ్రవరి 5న అమెరికా 104 మంది భారతీయులను సంకెళ్లు వేసి విమానంలో అమృత్‌సర్‌కు పంపినప్పుడు దేశమంతా మండిపడింది. కోపం వచ్చింది సంకెళ్లకు. అదే సంకెల హోండురాస్ వాడి చేతికి పడితే న్యాయం ఎలా అవుతుంది?

సంపాదకులు గారూ, మీకొక విన్నపం. అమెరికా మేత్రాణుల ఆ సందేశం రెండు పేజీలకు మించదు. దాన్ని తెలుగులో పూర్తిగా ప్రచురించండి. అనువాదం కావాలంటే నేను చేసి పంపుతాను, పారితోషికం అక్కర్లేదు. అక్కడున్న మన సోదరులు దాన్ని చదివి, ఈ ఆదివారం ఒక్కసారి తమ విచారణలోని స్పానిష్ పూజకు వెళ్లి, ఆ ఖాళీ బెంచీల్లో కూర్చోవాలని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఫిరంగిపురం, గుంటూరు జిల్లా