రెన్యూ... గడువు దాటకముందే!

రైలు పాసు సంగతి తెలియని గుంతకల్లు కుర్రాడుంటాడా? 1956 నుంచి రైల్వే డివిజనుకు కేంద్రమైన ఊరు మరి! అక్కడ ఇంగ్లీషు రానివాళ్ళ నోట కూడా అలవోకగా దొర్లే ఇంగ్లీషు క్రియ ఒకటుంది. అదే 'రెన్యూ'. ఈ వారం దాని భోగట్టా చూద్దాం. సినిమా పత్రికలో వ్యాకరణం గోలేమిటని పేజీ తిప్పెయ్యకండి. మన బొమ్మల కథ కూడా అందులోనే ఉంది!

విడదీస్తే 'రి', 'న్యూ'. అంటే మళ్ళీ కొత్త చెయ్యడమన్నమాట. వాడుకలో మాత్రం మూడు వేషాలు కడుతుంది.

ఒకటి, గడువు పొడిగించడం. పాసు, లైసెన్సు, లైబ్రరీ పుస్తకం వగైరా. వస్తువు పాతదే, తేదీ కొత్తది. రెండు, అరిగినదాన్ని తీసి కొత్తది వెయ్యడం. రైల్వేవారి 'ట్రాక్ రెన్యూవల్' ఇదే. దారి పాతదే, పట్టాలు కొత్తవి. మూడు, ఆగినదాన్ని మళ్ళీ మొదలెట్టడం. మాటలు మానేసిన మిత్రులు కలిస్తే స్నేహాన్ని 'రెన్యూ' చేసుకున్నట్టు. అన్నట్టు, మొదటిసారి రెన్యూ చేస్తూ పక్కన 'అగైన్' తగిలించకండి. 'మళ్ళీ' అందులోనే ఉంది!

దీనికో తోబుట్టువుంది, 'రిస్టోర్'. చెడిపోయినదాన్ని మునుపు ఎలా ఉండేదో అలాగే నిలబెట్టడం దాని పని. ఈ ఇద్దరికీ తేడా తెలియాలంటే 'మాయాబజార్'కి వెళ్ళాలి.

ఆ బొమ్మ తీసిన కె.వి. రెడ్డిగారు ఎక్కడివారో కాదు, అనంతపురం జిల్లా తాడిపత్రిలో 1912లో పుట్టినవారు. 1957 మార్చి 27న 'మాయాబజార్' విడుదలైంది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా తెలుపు నలుపుల్లోనే వెన్నెల కురిపించింది. 2010 జనవరి 30న హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థ అదే బొమ్మను రంగుల్లో మళ్ళీ వదిలింది. గీతలు తుడవడం, శబ్దం బాగుచెయ్యడం 'రిస్టోర్'. లేని రంగులద్దడం ఒక తరహా 'రెన్యూ'. మరి కొన్ని పద్యాలకు కత్తెర వెయ్యడమో? దానికి ఈ రెండు మాటలూ చాలవు లెండి!

రంగు నచ్చిందా లేదా అన్నది ఎవరి అభిరుచి వారిది. అసలు మాట వేరు. చేతిలో పాత బొమ్మ ఉండబట్టే ఈ ముచ్చటంతా సాధ్యమయింది. లేకపోతే?

హెచ్.ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. మన మొదటి తెలుగు టాకీ. ఇవాళ చూద్దామంటే ప్రింటే లేదు! ఆ రోజుల నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది, దాచినా కుళ్ళిపోయేది. ఆపైన వెండి కోసం పాత రీళ్ళను కరిగించేవారు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో గానీ పుట్టలేదు. అప్పటికే మూకీలు చాలామట్టుకు మట్టిలో కలిశాయి.

2006 నాటి 'పోకిరి' 2022 ఆగస్టు 9న 4కె హంగులతో మళ్ళీ తెరకెక్కితే ఈలలు వేసిందీ, కాగితాలు ఎగరేసిందీ మీరే కదూ! వెయ్యండి, తప్పులేదు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ సంబరం, బొమ్మను ఎవరో భద్రంగా దాచిన పుణ్యం.

మీ ఇంట్లోనూ అటకమీద తాతగారి నాటి పాటల పుస్తకాలో, పోస్టర్లో ఉంటే పాతకాగితాలవాడికి తూకానికెయ్యకండి. ఆర్కైవ్ వారు రీళ్ళే కాదు, అవి కూడా సేకరిస్తారు.

గడువు దాటిన పాసు బదులు కౌంటరులో కొత్తది కొనుక్కోవచ్చు. పోయిన నెగెటివును ఏ కౌంటరులో ఇస్తారు చెప్పండి?