సుఖాంతం ఎవరికి?

"కథ బాగుంది గానీ ముగింపు లేదండీ." రాసే ఆడవాళ్లలో ఈ మాట వినని వాళ్లుండరు. ఆమె ఇల్లు వదిలింది సరే, తర్వాత ఎక్కడికి వెళ్లింది? ఎలా బతికింది? మళ్లీ వచ్చిందా? కథ గడప దగ్గర ఆగిపోతే పాఠకుడికి తృప్తి కలగదట. ఆ తృప్తికి ఖరీదు ఎవరు కడుతున్నారో చూద్దాం.

మా గోదావరి నుంచే మొదలుపెడతాను. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ రచన, నరసాపురంలో పుట్టిన బాపు దర్శకత్వం: 'ముత్యాలముగ్గు' (1975). ఉత్తర రామాయణాన్ని మన కాలానికి తెచ్చిన సినిమా. కుట్రను నమ్మి భర్త గర్భిణి అయిన భార్యను ఇంట్లోంచి పంపేస్తాడు. కవల పిల్లలు తల్లినీ తండ్రినీ కలుపుతారు. హాలంతా కళ్లు తుడుచుకుంటుంది. ఆ సినిమా అందాన్ని నేను కాదనను. కానీ అతనెందుకు నమ్మాడు? కుట్ర బయటపడింది కాబట్టి ఆమె నిర్దోషి అని తేలింది. ఒక్క మాటైనా వినకుండా వెళ్లగొట్టే హక్కు అతనికెక్కడిదో మాత్రం తేలలేదు. కుట్ర బయటపడకపోయి ఉంటే ఆమె గతేమిటి? 1963 నాటి 'లవకుశ'లో సీత భూమిలోకి వెళ్లిపోతుంది. గుండె పిండే ముగింపే, అయినా ఆమె తిరిగి కాపరానికి రాదు. పన్నెండేళ్ల తర్వాత వచ్చిన సుఖాంతం ఆ ఒక్క నిరాకరణను కూడా లాగేసుకుంది.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. కందుకూరి వీరేశలింగం 1878లో మొదలుపెట్టిన 'రాజశేఖర చరిత్రము'లో రుక్మిణి భర్త చనిపోయాడని కబురొస్తుంది. ఆ చిక్కును నవల ఎలా విప్పింది? కబురు అబద్ధమని తేల్చి, భర్తను తిరిగి తెచ్చి! అదే వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించాడు. ఊరంతా ఎదురు తిరిగినా వెనక్కి తగ్గని మనిషి, నవలలో మాత్రం మొగుణ్ణి బతికించక తప్పలేదు. సంస్కర్తను ఎత్తిపొడవడం కాదిది. సుఖాంతం పట్టు ఎంత గట్టిదో చెబుతున్నాను.

కథను విడిచిపెట్టడమంటే మనసునూ గాలికొదిలేయడమేనని మన విమర్శకుల భ్రమ. ఈ రెండూ వేరు. జపాన్ యానిమే సిరీస్ 'రెవల్యూషనరీ గర్ల్ ఉతెనా' (1997) చూడండి. 39 భాగాలు నడిచాక కూడా ఉతెనా ఏమైందో తేల్చి చెప్పరు. కానీ అన్న చెప్పుచేతల్లో బతికిన ఆంథీ, ఇక చాలని అతన్ని అక్కడే వదిలేసి, స్నేహితురాల్ని వెతుక్కుంటూ ఆ బడి గేటు దాటుతుంది. దొరుకుతుందా? తెలియదు. ఆంథీ మనసు మాత్రం తేలిపోయింది. ఓల్గా 'విముక్త' కథల్లో సీతకు దొరికేదీ అలాంటిదే. రాముడి తీర్పుతో పనిలేకుండా, శూర్పణఖ లాంటి మరో స్త్రీని కలుసుకున్నప్పుడు ఆమె చూపు మారుతుంది.

ఇది సాహిత్యం గొడవ మాత్రమే కాదు. భర్త కొడితే పుట్టింటికొచ్చిన పిల్ల విషయంలో పెద్దమనుషులు కూర్చుని అడిగేదీ ముగింపే. "ఏదో ఒకటి తేల్చండి" అంటారు. తేల్చడమంటే సారె పెట్టి మళ్లీ పంపడం. ఆ పిల్ల ఇంకా ఆలోచించుకుంటానంటే, నిర్ణయానికి ఏడాది కావాలంటే ఎవరికీ ఓపిక ఉండదు. కథలో తృప్తి అడిగేవాళ్లకూ పంచాయితీలో రాజీ అడిగేవాళ్లకూ భాష ఒకటే. సుఖాంతాలు చూసి చూసి, రాజీయే న్యాయమనుకునే అలవాటు మనకూ పట్టుకుంది.

అందుకే రాసేవాళ్లకు నా మనవి. ముగింపు ఇవ్వమని ఎవరైనా అడిగితే, ఎవరి కోసం అని అడగండి. ఆమె ఏం తేల్చుకుందో స్పష్టంగా రాయండి. ఆమె ఎక్కడికి వెళ్లిందో చెప్పాల్సిన బాకీ మనకు లేదు.