పేరు వెనుక కథ: ఓదెలు

మనవణ్ణి ఒళ్లోకి తీసుకోగానే నాయనమ్మ "మా ఓదెలు వచ్చిండు" అంటుంది. కోడలి మొహం కాస్త చిన్నబోతుంది. ఆమె అప్పటికే ఏ రిత్విక్ అనో, నిహాల్ అనో అనుకుని ఉంటుంది మరి! గోదావరిఖని, రామగుండం కాలనీల్లో ఈ తగువు కొత్తదేం కాదు. ఇంతకీ ఓదెలు అంటే ఏమిటి? నిఘంటువు తిరగేస్తే లాభం లేదు. అది ఊరి నుంచి పుట్టిన పేరు.

పెద్దపల్లి జిల్లాలో, కాజీపేట-బల్లార్షా రైలు మార్గం మీద ఓదెల ఉంది. అక్కడి మల్లికార్జున స్వామినే జనం ఓదెల మల్లన్న అంటారు. పట్నాలు వేస్తారు, బోనాలు చేస్తారు, ఒగ్గు కథ చెప్పిస్తారు. బిడ్డ కోసం మొక్కుకున్నవారు స్వామి ఊరి పేరే బిడ్డకు పెట్టుకుంటారు. కొమురవెల్లి మల్లన్న పేర కొమురయ్య, వేములవాడ రాజన్న పేర రాజయ్య ఉన్నట్టే, ఈయన పేర ఓదెలు అన్నమాట.

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకోకండి. గ్రీకు పురాణాల్లో అపోలో, ఆర్టెమిస్ కవలలు. పుట్టింది డెలోస్ అనే దీవిలో. అందుకే అపోలోకు డీలియోస్ అనీ, ఆర్టెమిస్‌కు డీలియా అనీ పేర్లు. ఆ దీవిలోని కింథోస్ కొండ పేరే సింథియా అయింది. సింథియా నాజూకైన పేరైతే ఓదెలు మోటు పేరెలా అవుతుంది చెప్పండి?

ఈ పేరుతో పెద్దవాళ్లయినవారూ ఉన్నారు. నల్లాల ఓదెలు 2009, 2014 ఎన్నికల్లో చెన్నూరు శాసనసభ్యులుగా గెలిచారు.

అయినా మనసొప్పకపోతే మధ్యేమార్గం ఉంది. మల్లిక అంటే మల్లె, అర్జున అంటే తెల్లనిది. మల్లికార్జున్ అనో, ఉట్టి అర్జున్ అనో పెట్టుకున్నా మొక్కు చెల్లినట్టే. అత్తగారు ఇంట్లో ఓదెలు అనే పిలుచుకుంటారు.

కానీ ఒక్కమాట. కాగితాల్లో మాత్రం ఒక్క పేరే ఉండాలి. వేరొకరి పేరుతో గనిలో చేరిన కార్మికుల పిల్లలు వారసత్వ ఉద్యోగం కోసం ఎన్ని అగచాట్లు పడ్డారో సింగరేణి ఇళ్లల్లో అందరికీ ఎరుకే. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు చేయించండి. పేరు తేలలేదా, పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. ఆ తర్వాత 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి అత్తాకోడళ్లు ముందే కూర్చుని మాట్లాడుకోండి. ఇంటిపేరు, అసలు పేరు, అక్షరాలు అన్నీ సరిచూసుకున్నాకే రాయించండి.