పుట్టుమచ్చ చాలదు… ఓటీపీ చెప్పాలి!

మన పాత సినిమాల్లో తప్పిపోయిన కొడుకు దొరకడం ఎంత తేలికో! మొదటి రీల్లో తిరునాళ్ల జనంలో చెయ్యి జారిపోతాడు. పద్నాలుగో రీల్లో ఫైటింగులో చొక్కా చిరుగుతుంది. భుజం మీద పుట్టుమచ్చ! "బాబూ!" అంటుంది తల్లి. అంతే, నేల టికెట్టు నుంచి బాల్కనీ దాకా కర్చీఫులు బయటికొస్తాయి. 1975లో వచ్చిన 'అన్నదమ్ముల అనుబంధం'లో అయితే మచ్చ కూడా అక్కర్లేదు. చిన్నప్పుడు ఇంట్లో పాడుకున్న పాట ఒక్కటి చాలు, అన్నదమ్ములు కలిసిపోయారు.

అదే కథ ఇవాళ తీస్తే? తల్లి కొడుకుని చూస్తుంది. గుర్తుపడుతుంది. కన్నీళ్లు తుడుచుకుని, "నీ నంబరుకి ఆరంకెలు వచ్చాయి, ముప్పై సెకన్లలో చెప్పు నాయనా" అంటుంది!

నవ్వుతున్నారా? మా పిన్ని సంగతి వినండి.

పిన్నిది తెనాలి. బాబాయికి సినిమా పిచ్చి. రిటైరయ్యాక రోజూ రాత్రి భోజనాలు కాగానే ఇద్దరూ టీవీ ముందు చేరి యాప్‌లో ఒక పాత సినిమా పెట్టుకునేవాళ్లు. (ఏ యాపని అడక్కండి. పేరు రాస్తే ఎడిటర్ గారు నా చెవి మెలేస్తారు.) చూడాల్సిన సినిమాలన్నీ బాబాయి అందులోనే ఒక జాబితాగా పెట్టుకున్నాడు. "ఏమే, ఇవన్నీ అయ్యేసరికి మనకి ఎనభై వస్తాయి" అనేవాడు. కిందటేడు ఏడాది చందా కట్టాడు. ఉగాది వెళ్లిన వారానికి పోయాడు.

పిన్ని దసరా దాకా టీవీ జోలికి పోలేదు. తర్వాత మెల్లిగా మొదలుపెట్టింది, ఆయన పెట్టిన వరసలోనే. ఈ సంక్రాంతికి ఆ టీవీ ఏదో అప్‌డేట్ అంది, తెల్లారేసరికి లాగౌట్ అయి కూర్చుంది. చందా ఇంకా రెండు నెలలుంది. లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలి. అదేమో బాబాయి నంబరుకి పోతుంది. ఆయన పోయాక ఆ ఫోనుకి రీఛార్జి చేసినవాళ్లు లేరు.

సాయం కోసం యాప్ వాళ్ల చాటింగులోకి వెళ్లాను. అక్కడుండేది మనిషి కాదు, మర. "ఈ ఖాతా మా బాబాయిది, ఆయన చనిపోయారు" అని రాశాను. "ధన్యవాదాలు! మీ రిజిస్టర్డ్ నంబరుకు ఓటీపీ పంపాము. ఇంకేమైనా సాయం కావాలా?" అంది.

చివరికి ఏం తోచక ఆ నంబరుకే ఫోన్ చేశాను. నా ఫోనులో ఇంకా 'బాబాయి' అనే ఉంది, ఫొటోతో సహా. రింగయింది! పిన్ని నా వంక చూసింది. "హలో, ఎవరండీ?" అన్నాడు ఎవరో కుర్రాడు.

పాలిటెక్నిక్ చదువుతున్నాట్ట. సిమ్ తీసుకుని నెల కూడా కాలేదు. బ్యాంకు మెసేజీలూ, గ్యాసు మెసేజీలూ, ఇప్పుడు ఈ ఓటీపీలూ… "మీవేనాండీ ఇవన్నీ?" అన్నాడు. మావేనయ్యా, ఆ ఆరంకెలు కాస్త చెప్పు అన్నాను. "సారీ అండీ, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నారు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పిన్ని మాత్రం నవ్వింది. "బుద్ధిమంతుడు. మీ బాబాయి అయినా అదే అనేవారు."

నిజానికి ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ రద్దు చెయ్యొచ్చు. రద్దయిన నంబరుని కనీసం 90 రోజులాగి ఇంకొకరికిస్తారని 2023 నవంబరులో ట్రాయ్ వాళ్లే సుప్రీంకోర్టుకి చెప్పారు. లెక్క చూస్తే ఆరు నెలల్లో మన నంబరు పరాయి జేబులో మోగొచ్చు. ఆ జేబు మంచివాడిది కాకపోతే బ్యాంకు ఓటీపీల గతేమిటి? ఆ రాత్రి నాకు సినిమా బెంగ పోయి ఈ బెంగ పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే పిన్నిని వెంటబెట్టుకుని బ్యాంకుకెళ్లి ముందు ఆ పని చక్కబెట్టాను.

ఓటీపీ వద్దనను. అది లేకపోతే ఏ దారినపోయేవాడైనా మన ఖాతాలో దూరతాడు. నా కోపమల్లా తలుపుకి ఒకే తాళంచెవి పెట్టి, అది పోతే పలకడానికి మనిషిని కూడా పెట్టకపోవడం మీద. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 2022 అక్టోబరులో ఒక ఏర్పాటు తెచ్చారు. మన ప్రొఫైలునీ, దాంతోపాటు జాబితానీ ఇంకో ఖాతాకి మార్చుకోవచ్చు. బాగానే ఉంది. కానీ ముందు లోపలికి పోవాలి కదా!

అన్నట్టు, మొన్న ఒక కాకినాడ పాఠకుడు రాశాడు. మొదటి రోజు ఆటకి నాలుగు సీట్లు ఎంచుకుని డబ్బు కట్టబోతే, సీట్లు పోయిన రెండు నిమిషాలకి ఓటీపీ వచ్చిందట. తమ్ముడూ, నీకు మ్యాట్నీ ఉంది, ఫస్ట్ షో ఉంది. ఓర్చుకో. ఆఫరొచ్చినప్పుడల్లా సిమ్ మార్చే అలవాటుంటే మాత్రం, పాతది పారేసే ముందు దేనికెక్కడ ఆ నంబరిచ్చావో చూసుకో. మీ నాన్నగారి ఖాతాల్లో రెండో నంబరో, ఈమెయిలో ఉందేమో అది కూడా చూడు.

పిన్నికి ఆవిడ నంబరు మీదే కొత్త ఖాతా తెరిచాను. జాబితా ఖాళీ. పిన్ని పాత క్యాలెండరు కాగితం వెనక ఒక్కొక్క పేరే గుర్తు చేసుకుని రాస్తోంది. 'మిస్సమ్మ', 'దొంగరాముడు', 'విప్రనారాయణ'… నేను తెనాలి నుంచి బయల్దేరేసరికి ఇరవై ఆరు.

మొన్న రాత్రి పదకొండింటికి ఫోను. ఏమైందోనని హడలి లేచాను.

"ఒరే అబ్బాయ్, పడుకున్నావా? 'చక్రపాణి'రా! తొమ్మిదోది 'చక్రపాణి'. అందులో పెట్టడం ఎలాగో చెప్పు."